కాలనీ పార్కుకు డబ్బులు పోగుచేయడం ఎలా: చందాలు, కార్యక్రమాలు, లెక్కలు

"మా పార్కు పాడైపోతోంది, ఏదైనా కార్యక్రమం పెట్టి డబ్బులు పోగుచేద్దామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?" విజయవాడలో పటమట, భవానీపురం, సత్యనారాయణపురం వాళ్లు అడుగుతారు. గుంటూరులో శ్యామలానగర్, విద్యానగర్ వాళ్లూ అడుగుతారు. అందరికీ విడివిడిగా చెప్పడం కంటే ఒకచోట రాస్తే మేలనిపించింది.

ఇక్కడ చెప్పేది కాలనీ పార్కుల గురించే. విజయవాడ రాజీవ్ గాంధీ పార్కు, గుంటూరు గాంధీ పార్కు లాంటి పెద్దవాటి లెక్కలు వేరు. ఒక వీధి మలుపులో వెయ్యి గజాలో రెండు వేల గజాలో ఉండి, నాలుగు బల్లలు, ఒక జారుడుబల్ల, పనిచేయని ఫౌంటెన్ ఉన్న పార్కు మీదైతే ఇది మీకోసమే.

ఒక పూట కార్యక్రమం పెట్టి యాభై వేలో లక్షో పోగుచేయడం మన ఊళ్లలో పెద్ద కష్టం కాదు. అయితే పార్కులు పాడయ్యేది ఆ లక్ష లేక కాదు. తోటమాలికి నెలనెలా ఇవ్వాల్సింది లేక, మోటారు కాలితే వైండింగు చేయించే దిక్కు లేక పాడవుతాయి. కాబట్టి ముందు నెలవారీ డబ్బుకు దారి చూసుకోండి, ఆ తర్వాతే కార్యక్రమం.

కావలసినవి

- కనీసం ఏడుగురు. ఇద్దరు ముగ్గురితో మొదలుపెడితే రెండో నెలకు ఒక్కరే మిగులుతారు. ఏడుగురుంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవడానికీ సరిపోతారు. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం అడిగే కనీస సంఖ్య అదే.
- లెక్కలు రాసే ఓపిక ఉన్న ఒక మనిషి. రిటైరైన బ్యాంకు ఉద్యోగి ప్రతి కాలనీలో ఒకరైనా ఉంటారు, వెతకండి.
- వరుస నంబర్లున్న రసీదు పుస్తకాలు, ఒక క్యాష్‌బుక్.
- సంఘం పేరుతో బ్యాంకు ఖాతా, దానికి కట్టిన క్యూఆర్ కోడు.
- పార్కు గేటు లోపల ఒక నల్లబల్ల. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఫ్లెక్సీ కంటే ఎక్కువ పని చేస్తుంది.
- కార్పొరేషన్ నుంచి రాతపూర్వక అనుమతి.

1. స్థలం ఎవరిదో తేల్చుకోండి

లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలం సాధారణంగా కార్పొరేషన్‌కు అప్పగించి ఉంటుంది. "మా కాలనీ పార్కు" అని మనం అనుకున్నా అందులో ఒక గుంజ పాతాలన్నా వాళ్ల అనుమతి కావాలి. మీ వార్డు సచివాలయంలో అడిగి పార్కు ఏ పేరుతో రికార్డుల్లో ఉందో తెలుసుకోండి. కొన్నిచోట్ల స్థలం మీద కోర్టు కేసు నడుస్తుంటుంది. అలాంటి స్థలానికి చందాలు వసూలు చేయొద్దు, కేసు తేలేదాకా ఆగండి.

తర్వాత కమిషనర్ గారి పేరుతో ఒక అర్జీ రాసి, ఒక నకలు ఉద్యానవన విభాగానికి ఇవ్వండి. అందులో మూడే అడగండి. ఒకటి, ఫలానా తేదీన పార్కులో కార్యక్రమం పెట్టుకోవడానికి అనుమతి. రెండు, ఫలానా వస్తువులు మా ఖర్చుతో ఏర్పాటు చేయడానికి అనుమతి. మూడు, నీళ్లు, కరెంటు, తోటపని, చెత్త ఎత్తడం: వీటిలో మీరు చేసేవేవి, మేం చేసేవేవి. మూడోదానికి రాతపూర్వక జవాబు రాబట్టడం కష్టమే, అయినా పట్టుబట్టండి. లేకపోతే మీరు తోటమాలిని పెట్టుకున్న నెలలోనే వాళ్ల మనిషి రావడం మానేస్తాడు.

అర్జీ ఇచ్చాక తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ నకలుతో మళ్లీ నమోదు చేయించండి. "కార్పొరేటర్ గారితో మాట్లాడేశాం, ఏం పర్లేదు" అని ఎవరైనా భరోసా ఇస్తే సంతోషించండి, కానీ కాగితం కాగితమే.

ఒక హెచ్చరిక. పార్కు బాగుపడుతోందంటే చాలు, ఒక మూల చిన్న గుడి కడదామనో, ఎవరిదో విగ్రహం పెడదామనో ప్రతిపాదన వస్తుంది. వెంటనే చందా ఇచ్చేవాళ్లూ ఉంటారు. పార్కులు, వీధులు లాంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేని ప్రార్థనా మందిరాలు కట్టనివ్వకూడదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. విగ్రహాల మీద 2013లో ఇలాంటి ఆదేశమే ఇచ్చింది. కమిటీ మొదటి సమావేశంలోనే "ఈ రెండూ మన పని కాదు" అని మినిట్స్‌లో రాసి సంతకాలు పెట్టించండి. తర్వాత మొహమాటపడే అవసరం ఉండదు.

2. ఏం కావాలో రెండు పట్టికలుగా రాయండి

పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి పార్కులో కూర్చుని చూడండి. ఎవరొస్తున్నారు, ఎవరు రావడం లేదు? నడకకు వచ్చే పెద్దమనుషుల మాటే గట్టిగా వినిపిస్తుంది కాబట్టి వాకింగ్ ట్రాక్ టైల్స్ అందరి అవసరంలా కనిపిస్తుంది. అపార్టుమెంట్ల వాచ్‌మన్‌ల పిల్లలు, చంటిబిడ్డలతో వచ్చే తల్లులు మీటింగులకు రారు. వాళ్లనూ అడగండి. చాలాచోట్ల వాళ్లకు కావలసింది వెలుతురు, మంచినీళ్లు, తాళం వేయని మరుగుదొడ్డి.

మొదటి పట్టిక ఒకసారి అయ్యే ఖర్చు: బల్లలు, ఊయల గొలుసులు, డ్రిప్ పైపులు, మొక్కల చుట్టూ కంచెలు. రెండోది నెలనెలా అయ్యేది. ఒక ఉదాహరణ చూద్దాం. పూటపని చేసే తోటమాలికి 7,000, కరెంటుకూ మోటారు రిపేర్లకూ సగటున 1,500, ఎరువు, చీపుర్లు, పైపులకు 1,000 అనుకుంటే నెలకు 9,500. ఏడాదికి 1,14,000. దాన్ని 365తో భాగిస్తే రోజుకు సుమారు 312 రూపాయలు. మీ కాలనీ రేట్లు వేసుకుని మీ అంకె కట్టుకోండి. ఈ రోజువారీ అంకెను గుర్తుపెట్టుకోండి, నాలుగో మెట్టులో మొత్తం పని దీనితోనే.

కూలిన ప్రహరీ, పెద్ద లైటు స్తంభాలు, రోడ్డు వైపు డ్రైనేజీ పట్టికలో పెట్టకండి. అవి కార్పొరేషన్ పని. పన్ను కట్టేది మీరే, చందా ఇచ్చేది మీరే అయితే వాళ్లకు తొందరేముంటుంది?

సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద గుర్తు ఇంకా కనిపిస్తుంటే, మోటారు స్టార్టరు, ప్యానెల్ బోర్డు దానికి పైన బిగించేలా అంచనా వేయించండి.

3. డబ్బు ఎవరి చేతిలో ఉండాలి

జనం చందా ఇవ్వకపోవడానికి పిసినారితనం కారణం కాదు, అనుమానం కారణం. "ఫలానా ఆయన ఫోన్‌కి పంపండి" అన్నారంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. ఆగడమే న్యాయం కూడా.

ఇప్పటికే రిజిస్టరైన కాలనీ సంక్షేమ సంఘం ఉంటే దాని కిందే పార్కు పేరుతో విడిగా ఒక ఖాతా తెరవండి. ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు తీసే వీలుండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు, ఒకే అపార్టుమెంటు వాళ్లు కాకుండా చూడండి. సంఘమే లేకపోతే ఏడుగురితో సొసైటీ రిజిస్టర్ చేయించి, పాన్ కార్డు తీసుకుని, ఆ తర్వాత ఖాతాకు వెళ్లండి.

ఇదంతా పెద్ద టెన్షన్ అనిపిస్తే అసలు డబ్బు ముట్టుకోకుండా నడిపే పద్ధతీ ఉంది. కావలసిన వస్తువుల జాబితా, షాపు పేరు, ధర ఇచ్చి, దాతనే నేరుగా కొనమనండి. బిల్లు దాత పేరున వస్తుంది, వస్తువు పార్కుకు వస్తుంది. బల్లలకూ గొలుసులకూ ఇది చక్కగా సరిపోతుంది. జీతాలకు మాత్రం పనికిరాదు.

చందాలు తీసుకునేటప్పుడు చట్టం వైపు నుంచి మూడు జాగ్రత్తలు.

మొదటిది విదేశీ డబ్బు. మన రెండు ఊళ్లలో అమెరికాలో పిల్లలు లేని వీధి ఉండదు కాబట్టి ఇది తప్పక ఎదురవుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ఇక్కడున్న అమ్మానాన్నలు తమ పింఛను లోంచో అద్దెల లోంచో ఇస్తే అది వాళ్ల చందా. అబ్బాయి పంపిన డబ్బునే వాళ్ల పేరుతో తిప్పి ఇవ్వడం మాత్రం వద్దు.

రెండోది పన్ను మినహాయింపు. చందా ఇచ్చినవాళ్లకు పన్ను తగ్గించే, అందరూ 80జీ అని పిలిచే వెసులుబాటు మీ సంఘానికి ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉంటేనే వర్తిస్తుంది. ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదు చందాకు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు దీనివల్ల లాభమే లేదు. గుర్తింపు లేకుండా కరపత్రంలో "పన్ను మినహాయింపు కలదు" అని వేయకండి.

మూడోది లక్కీ డ్రా. వంద రూపాయల టికెట్టు, బంపర్ బహుమతి స్కూటీ... వినడానికి బాగుంటుంది. డబ్బు తీసుకుని అదృష్టం మీద బహుమతి ఇస్తే అది లాటరీ, మన రాష్ట్రంలో లాటరీలకు అనుమతి లేదు. డబ్బు పందెంతో తంబోలా ఆడించడమూ అంతే. బదులుగా వేలం పెట్టండి. లడ్డూ వేలం మనకు కొత్తేమీ కాదు. పిల్లలు గీసిన బొమ్మలను తాతయ్యల మధ్య వేలం వేస్తే ఎంత పలుకుతాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. వినాయక చవితి కమిటీతో మాట్లాడి ఈ ఏడాది లడ్డూ డబ్బులో కొంత పార్కుకు ఇప్పించుకోవడం ఇంకా తేలిక.

4. రోజుకు ఒక దాత

గుళ్లలో శాశ్వత అన్నదానానికి ఒక రోజు రాయించుకునే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. పార్కుకూ అదే చేయండి. రెండో మెట్టులో వచ్చిన 312ను 350 చేసి, "ఒక రోజు పార్కు నిర్వహణ" అని పేరు పెట్టండి. పుట్టినరోజు, పెళ్లిరోజు, నాన్నగారి ఆబ్దికం, పాప పరీక్ష పాసైన రోజు, ఏదైనా సరే. ఆ రోజు నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక్క వాక్యం రాయండి: "ఈ రోజు పార్కు నిర్వహణ ఫలానా వారి జ్ఞాపకార్థం, వారి కుటుంబం." ఒక ఫొటో తీసి ఆ ఇంటివాళ్లకు వాట్సాప్ చేయండి. ఖర్చు ఒక సుద్దముక్క. ఆ ఫొటో ఆ కుటుంబం గ్రూపులో తిరిగి, వారంలో ఇంకో ఇద్దరు అడుగుతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పెద్దల విషయంలో చాలామంది తేదీ చెప్పరు, తిథి చెబుతారు. మాఘ బహుళ ఏకాదశి అని రాసుకుని ఊరుకుంటే ఆ రోజు ఎవరికీ గుర్తుండదు. ప్రతి ఉగాదికీ కొత్త పంచాంగం రాగానే ఒకరు కూర్చుని తిథులన్నిటికీ ఆ ఏటి తేదీలు వేయాలి. అధిక మాసం వచ్చిన ఏడాది పురోహితుడిని అడిగి ఖాయం చేసుకోండి. ముస్లిం కుటుంబాలు హిజ్రీ తేదీ చెబితే అది ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది, కాబట్టి ఫోన్ చేసి కనుక్కోండి. దాత చెప్పిన రోజున బోర్డు మీద పేరు లేకపోతే ఆ కుటుంబం మళ్లీ ఇవ్వదు. ఇవ్వకపోగా నలుగురికి చెబుతుంది.

365 రోజులూ నిండాలని పట్టుపట్టకండి. 200 రోజులు నిండినా 350 చొప్పున 70,000. పై లెక్క ప్రకారం ఇంకా కావలసింది 44,000. దానికోసమే కార్యక్రమం.

నెలవారీ రాబడికి ఇంకో దారి పాత పేపర్లు. నెలలో మొదటి ఆదివారం పొద్దున ఇంటింటి నుంచి పాత పేపర్లు, అట్టపెట్టెలు, సీసాలు పార్కు గేటు దగ్గరికి తెప్పించి ఒకేసారి అమ్మండి. టన్నులో సగం పోగైనా ఇంటికొచ్చే బండివాడికంటే మంచి రేటు వస్తుంది. వచ్చిన మంచి పుస్తకాలు విడిగా తీసి కార్యక్రమం రోజున బల్ల మీద పెట్టండి. మిగిలినవి విజయవాడలో అయితే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులవాళ్లు చూసుకుంటారు. ఒక జాగ్రత్త: పోగైన సరుకు ఆ రోజే కదలాలి. రాత్రికి పార్కులో ఉంచితే మరుసటి నెల ఎవరూ తేరు, పైగా పార్కు చెత్తకుప్ప అయిందని ఫిర్యాదు వస్తుంది.

5. కార్యక్రమం ఎంచుకోండి

నా ఓటు కార్తీక వనభోజనాలకు. జనానికి నచ్చజెప్పాల్సిన పని ఉండదు, ఆ నెలలో ఎక్కడో ఒకచోటికి వెళ్లాలనే ఉంటారు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. మన దగ్గర వనభోజనాలు కులాల వారీగా జరగడం మామూలైపోయింది. మీది వీధి వారీగా జరగాలి, ఆ మాట కరపత్రంలోనే ఉండాలి. కూపన్ ధర భోజనం ఖర్చుకు కనీసం రెండింతలు పెట్టండి, అందులో పార్కుకు ఎంతో కూపన్ మీదే అచ్చు వేయండి. "కూపన్ 300, భోజనానికి 150, పార్కుకు 150" అని కనిపిస్తే ఎవరూ బేరమాడరు. ఉసిరి చెట్టు లేదని దిగులు పడొద్దు, కుండీలో ఉసిరి మొక్క పెట్టి తర్వాత పార్కులో నాటేయండి.

డబ్బు పరంగా తక్కువ ఖర్చుతో ఎక్కువ తెచ్చేది పిల్లల నడక. ఒక్కొక్క పిల్లా పిల్లాడూ పార్కు చుట్టూ ఎన్ని రౌండ్లు తిరిగితే అన్నిటికీ, రౌండ్‌కు ఇంత చొప్పున ఇస్తామని బంధువులు ముందే మాట ఇస్తారు. రౌండ్‌కు 10 రూపాయలిస్తానన్న మేనమామ, పిల్లాడు ముప్పై రౌండ్లు తిరిగేసరికి నవ్వుతూనే 300 ఇస్తాడు. మంచినీళ్లు, గ్లూకోజు, చేతి మీద రౌండ్లు గుర్తువేసే ఒక స్కెచ్ పెన్ను, అంతే ఖర్చు. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపేయండి. రౌండ్లకు ఒక పరిమితి పెట్టండి, లేకపోతే పోటీ మీద పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారు.

ధనుర్మాసంలో ముగ్గుల పోటీ, తినుబండారాల స్టాళ్లు కూడా బాగుంటాయి. స్టాళ్లలో లాభంలో వాటా అడగకండి, ఆ లెక్క తేలదు. స్థలానికి ఒకే అద్దె పెట్టండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలవాళ్లకు సగం అద్దె చాలు, అరిసెలు, పచ్చళ్లు, కారప్పొడులు వాళ్ల దగ్గరే బాగా అమ్ముడవుతాయి. పునుగుల బండి ఒకటి తప్పకుండా ఉండాలి, గుంటూరైతే మిర్చి బజ్జీ. పొయ్యిలు చెట్ల కింద కాకుండా గేటు దగ్గర గచ్చు మీద పెట్టించండి.

సంగీత విభావరి, స్టేజీ డాన్సులు నా దృష్టిలో డబ్బు దండగ. లైట్లకూ సౌండుకూ పోగా మిగిలేది ఫొటోలే.

తేదీ విషయం. దసరా రోజుల్లో విజయవాడలో ఏదీ పెట్టకండి, పోలీసులు, కార్పొరేషన్ సిబ్బంది అందరూ ఇంద్రకీలాద్రి దగ్గరే ఉంటారు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం ఉంటుంది కాబట్టి వనభోజనాలకు మరో ఆదివారం ముందే అనుకుని ఉంచండి, క్యాటరర్‌తోనూ ఆ మాట చెప్పి అడ్వాన్సు ఇవ్వండి. సంక్రాంతి మూడు రోజులూ సగం నగరం సొంతూళ్లకు పోతుంది, కాబట్టి ముగ్గుల పోటీ భోగికి వారం ముందు జరగాలి. మార్చిలో పరీక్షలు. ఏప్రిల్ దాటాక పొద్దున ఎనిమిది తర్వాత ఎవర్నీ బయటికి పిలవొద్దు.

6. అనుమతులు, ఏర్పాట్లు

- మైకుకు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక అనుమతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు నిషేధం, "ఒక్క పాట, అయిపోయింది" అనే మాట చెల్లదు.
- వంద మంది దాటితే కనీసం మూడు పని దినాల ముందు కార్పొరేషన్‌కు తెలియజేయాలి. తడి చెత్త, పొడి చెత్త విడదీసే బాధ్యత నిర్వాహకులదే.
- ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. విస్తరాకులు, స్టీలు గ్లాసులు చాలు. స్టీలు గ్లాసులు టెంట్ హౌస్‌లోనే దొరుకుతాయి.
- కరెంటుకు సీపీడీసీఎల్ దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. వీధిలైటు తీగకు కొక్కెం వేయడం నేరం, అంతకంటే ముందు ప్రాణాపాయం. పగటిపూట కార్యక్రమమైతే ఈ గొడవే ఉండదు.
- షామియానా గుంజలు చెట్టు మొదళ్లకూ డ్రిప్ పైపులకూ దూరంగా పాతించండి. టెంటు మేస్త్రీ వచ్చేసరికి పైపులు వెళ్లే దారి సున్నంతో గీసి ఉంచండి. కట్టేవాళ్లకు భూమిలో ఏముందో తెలియదు కదా.

7. ఇంటింటికీ వెళ్లడం

ఆదివారం పదింటి నుంచి పన్నెండు మధ్య, ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఇద్దరిలో ఒకరు మహిళ అయితే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి. అద్దెకున్నవాళ్లను వదిలేయకండి. ఓనర్ల కంటే వాళ్ల పిల్లలే పార్కులో ఎక్కువ ఆడతారు, అడిగితే సంతోషంగా ఇస్తారు కూడా.

"మీకు తోచినంత ఇవ్వండి" అంటే యాభై వస్తుంది. "బాబాయ్ గారూ, ఒక రోజు నిర్వహణ 350, మీ ఇంట్లో ఏ రోజు రాయమంటారు?" అంటే రోజు ఆలోచిస్తారు. "పోయినేడు ఇచ్చాం కదమ్మా" అంటే వాదించకండి. పోయినేటి లెక్క కాగితం చేతికివ్వండి. లెక్క చూసినవాళ్లు చాలామంది మళ్లీ ఇస్తారు. ఇవ్వనివాళ్ల పేర్లు గ్రూపులో పెట్టడం, వాళ్ల పిల్లల్ని ఊయల ఎక్కనివ్వకపోవడం చేయొద్దు. పార్కు అందరిదీ, చందా ఇష్టం ఉన్నవాళ్లది.

దాతల పేర్లు బల్లల మీద వేయాలంటే చిన్న రేకు చాలు, అదీ కార్పొరేషన్ ఒప్పుకుంటేనే. పార్టీ గుర్తులు, ఫొటోలు వద్దు. ఎన్నికల కోడ్ రాగానే వాటికి ముసుగులు వేయాల్సి వస్తుంది.

8. కార్యక్రమం రోజు డబ్బు

నగదు తీసుకునే బల్ల ఒకటే ఉండాలి. ఒకరు తీసుకుంటే ఇంకొకరు రసీదు రాయాలి. క్యూఆర్ కోడు అచ్చు వేసిన కాగితం మీద ఇంకో కాగితం అతికించి డబ్బు కాజేసే మోసాలు ఉన్నాయి, గంటకోసారి ఒక రూపాయి పంపి మీ ఖాతాకే వస్తోందో లేదో చూడండి. మధ్యాహ్నానికి ఒకసారి, ముగింపులో ఒకసారి ముగ్గురి ఎదుట లెక్కపెట్టి సంతకాలు చేయండి. ఆ నగదు లోంచే టెంటు వాడికి, కాఫీ వాడికి ఇచ్చేయడం ఎంతో తేలిగ్గా ఉంటుంది, కానీ చేయొద్దు. మొత్తం ఖాతాలో వేసి, ఖర్చులు ఖాతా నుంచే ఇవ్వండి. లేకపోతే ఎంత వచ్చిందో, ఎంత పోయిందో ఎప్పటికీ తేలదు.

9. వారంలోపు లెక్క

వచ్చింది, ఖర్చయింది, మిగిలింది: ఒకే కాగితం. నల్లబల్ల పక్కన అంటించండి, గ్రూపులో పెట్టండి. ఆలస్యమైతే లెక్క సరిగ్గా ఉన్నా ఎవరూ నమ్మరు.

తరచుగా జరిగే తప్పులు

శాలువాలు, మెమెంటోలు. వేదిక మీద పద్నాలుగు మంది, ఒక్కొక్కరికి శాలువా, జ్ఞాపిక, పూలగుత్తి. మర్నాడు లెక్క వేస్తే రెండు బల్లల డబ్బు. భోజనాల ఖర్చు కాకుండా మిగతా కార్యక్రమం ఖర్చు వచ్చినదాంట్లో నాలుగో వంతు దాటకూడదని ముందే తీర్మానం చేసుకోండి. అతిథికి గౌరవం చేయాలంటే ఒక మొక్క కుండీ ఇప్పించి, దాన్ని అక్కడే నాటించండి.

మొక్కల మీద మోజు. వంద మొక్కలు నాటితే ఫొటో బాగుంటుంది. మన ఎండలకు నీళ్లు, కంచె లేని మొక్క మొదటి మే నెల దాటదు. డబ్బుకు తగ్గట్టు ఇరవై నాటి, రెండు వేసవులు నీళ్లు పోయండి. వేప, కానుగ, నేరేడు, పొగడ బాగా నిలుస్తాయి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ పెట్టకండి. గుంటూరు నల్లరేగడి వేసవిలో పగుళ్లిస్తుంది, మొక్క మొదలు చుట్టూ ఆకుచెత్త మందంగా పరచకపోతే పోసిన నీళ్లు పగుళ్లలోకే పోతాయి.

ఓపెన్ జిమ్. దాతలకు బాగా నచ్చే వస్తువు, రెండేళ్లలో ముందుగా విరిగేదీ అదే. ఇచ్చేవాళ్లు ఉంటే తీసుకోండి, కానీ గ్రీజు, బోల్టులు, వెల్డింగు కోసం ఏటా ఎంతో కొంత కలిపి ఇమ్మని అడగండి.

స్పాన్సర్ చేతికి పార్కు అప్పగించడం. ఒక స్కూలో, రియల్ ఎస్టేట్ వాళ్లో అంతా మేమే చేస్తాం అంటారు. గేటు నుంచి డస్ట్‌బిన్ దాకా వాళ్ల పేరే ఉంటుంది, రెండో ఏడాది ఫోన్ ఎత్తరు. ఏ స్పాన్సర్ అయినా ఒక వస్తువుకే పరిమితం, కాలపరిమితి కాగితం మీద.

మిగులు డబ్బును కార్తీక దీపాలకో, చలివేంద్రానికో వాడేయడం. మంచి పనే కావచ్చు, కానీ పార్కు పేరుతో ఇచ్చిన డబ్బు పార్కుకే.

పని జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

- రసీదుల మొత్తం, క్యాష్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంటు: మూడూ రూపాయితో సహా ఒకటే కావాలి. చూసేవాళ్లు కమిటీలో లేని ఇద్దరు అయి ఉండాలి.
- ఖాతాలో కనీసం మూడు నెలల నిర్వహణ డబ్బు ఎప్పుడూ ఉండాలి. పై ఉదాహరణలో అది 28,500. అంతకంటే తగ్గితే కొత్త వస్తువులు కొనడం ఆపండి.
- కార్యక్రమానికి ముందు ఒక మామూలు మంగళవారం సాయంత్రం పార్కులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి రాసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ ఒక మంగళవారం లెక్కపెట్టండి. ఆదివారం లెక్క పనికిరాదు, ఆ రోజు పార్కు ఎలా ఉన్నా జనం వస్తారు.
- మే చివర్లో నాటిన మొక్కలు లెక్కపెట్టండి. సగం కంటే తక్కువ బతికితే వానాకాలంలో కొత్తవి కొనకుండా, ఆ డబ్బు నీళ్ల ఏర్పాటుకు పెట్టండి.
- నెలకోసారి ఊయల గొలుసు, జారుడుబల్ల అంచు చేత్తో తడిమి చూడండి. తుప్పు కంటికి కనిపించేలోపే చేతికి తెలుస్తుంది.
- ఉగాది తర్వాతి వారం తిథుల జాబితా కొత్త తేదీలతో సిద్ధమైందో లేదో చూడండి. పోయినేటి దాతల్లో ఎంతమంది మళ్లీ రాయించుకున్నారో పక్కన వేయండి. సగానికి పైగా వస్తే మీ లెక్కలను కాలనీ నమ్ముతోందన్నమాట. రాకపోతే కొత్త కార్యక్రమం అనుకునే ముందు, రాయించుకోని నలుగురి ఇళ్లకు వెళ్లి కారణం అడగండి.